పరదేశవిద్యకు ప్రభుత్వధనము



1913వ సంవత్సరము జులై మాసములో ఇరువదిరెండేండ్ల యువకుడొకడు న్యూయార్కు రేవున ఓడ దిగెను. ఆ యేటి ఫిబ్రవరిలోనే తండ్రి కన్నుమూసెను. స్వదేశమున భార్యయు, ఏడాదియైనను నిండని కుమారుడును ఉండిరి. పొలము పుట్ర లేదు, వెనుక నిలుచు బంధుబలము లేదు. పుట్టిన కులమును బట్టి బడిలో తోటిపిల్లలకు దూరముగా, వేఱుగా కూర్చుండి అక్షరములు నేర్చుకొనవలసి వచ్చినవాడతడు. అట్టివానికి సముద్రములు దాటి కొలంబియా విశ్వవిద్యాలయపు వాకిట నిలువగల ధైర్యము నిచ్చినది ఒక్క కాగితము. నెలకు పదకొండున్నర పౌనుల చొప్పున, మూడు సంవత్సరములపాటు, నీ చదువునకు ధనమిచ్చెదమని బరోడా సంస్థానప్రభుత్వము చేసికొనిన ఒప్పందపు కాగితము. ఆ యువకుడు భీమరావు రాంజీ అంబేడ్కరు.

మూడు సంవత్సరములు. నెలకు పదకొండున్నర పౌనులు. ఈ రెండు మాటలను మనసున నుంచుకొనుడు. మఱల వానియొద్దకు వచ్చెదము.

నేడు నేను మీతో ముచ్చటింపదలచినది ఇట్టి ధనమును గుఱించి. ప్రజలు చెల్లించిన పన్నులు ప్రభుత్వపు బొక్కసమున చేరి, అచ్చటినుండి పరదేశమున చదువుకొను ఒక బీదవాని చేతికి అందు ధనమును గుఱించి. ఈ అమెరికాదేశమున స్థిరపడిన మన తెలుగువారిలో పెక్కుమంది బ్యాంకు అప్పుతోనో, తండ్రి అమ్మిన రెండెకరములతోనో, విశ్వవిద్యాలయమిచ్చిన అసిస్టెంటుషిప్పుతోనో చదువుకొనినవారు. సర్కారు స్కాలర్షిప్పుతో వచ్చినవారు తక్కువ. తక్కువైనను వారి కథ మనకు తెలియదగినది. ఏలయన, మఱి ఏ మార్గమునను రాలేనివారు ఈ మార్గమున వచ్చిరి, వచ్చుచున్నారు.

ఆ పదకొండున్నర పౌనులు అంబేడ్కరుగారికి ఏమి కొనిపెట్టినవి? అన్నము కొనిపెట్టినవి. బట్ట కొనిపెట్టినవి. కడుపు కట్టుకొని మిగిల్చిన దానిలో కొంత ఆయన ఇంటికి పంపుచుండిరి. కాని అన్నింటికంటె మిన్నగా అవి ఆయనకు కాలమును కొనిపెట్టినవి. ఒకరి కొలువు చేయనక్కఱలేని కాలము. రేపటి కూటికి వెదకికొననక్కఱలేని కాలము. గ్రంథాలయమున కూర్చుండి, ఒక పుస్తకమునుండి మఱియొక పుస్తకమునకు, ఒక శాస్త్రమునుండి మఱియొక శాస్త్రమునకు, ఆకలిగొన్నవాడు అన్నము తిన్నట్లు పోగల కాలము. సెలిగ్మను మహాశయునియొద్ద అర్థశాస్త్రము, జాన్ డ్యూయీ మహాశయునియొద్ద తత్త్వశాస్త్రము వినిరి. చరిత్ర, సమాజశాస్త్రము, మానవశాస్త్రము చదివిరి. 1915లో ఎం.ఏ. పట్టమందిరి. 1916 మే 9వ తేదీన గోల్డెన్‌వైజర్ అను ఆచార్యుని మానవశాస్త్రగోష్ఠిలో, భారతదేశమున కులములు ఎట్లు పుట్టినవి, ఎట్లు నిలిచినవి, ఎట్లు వ్యాపించినవి అను విషయముపై ఒక వ్యాసము చదివిరి. అప్పటికి ఆయనకు ఇరువదియైదేండ్లు. తాను ఏ వ్యవస్థ క్రింద నలిగెనో ఆ వ్యవస్థను, దానికి వేలాది మైళ్ళ దూరమున, నిర్భయముగా, శాస్త్రదృష్టితో పరిశీలింపగలుగుట ఎంతటి భాగ్యము! ఆ భాగ్యమునకు మూల్యము చెల్లించినది బరోడా ఖజానా.

కనుక నేను చెప్పదలచినది ఇది. సర్కారు స్కాలర్షిప్పు బీదవానికి కొనిపెట్టునది కాలము. చదువు ధనవంతునకును బీదవానికిని ఒక్కటియే; ఆచార్యుడొక్కడే; పుస్తకమొక్కటే. కాని ధనవంతుని కుమారునకు ఇరువదినాలుగు గంటల దినము కలదు; బీదవాని కుమారునకు లేదు.

ఈ మాటకు తార్కాణము మన తెలుగువారిలోనే కలదు. భీమవరమున పుట్టి, రాజమహేంద్రవరమున చదువుకొని, మదరాసులో వైద్యవిద్య నభ్యసించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టను నగరమునకు వచ్చిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యవిద్యాలయములో చోటు దొరకెను గాని, ఏ ప్రభుత్వమును ఆయనకు వేతనమీయలేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థయు, మామగారును చేసిన సాయముతో ఓడ ఎక్కిరి. ఇచ్చటికి వచ్చిన పిదప పొట్టపోసికొనుటకు ఆసుపత్రిలో రాత్రివేళ పోర్టరుగా పని చేసిరి. రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపఱచిరి. పగలు ప్రయోగశాల, రాత్రి ఆసుపత్రి. అట్లు చేయుచునే 1925 నాటికి ఫిస్కు అను ఆచార్యునితో కలిసి, దేహద్రవములలో భాస్వరమును కొలుచు పద్ధతిని లోకమునకు ప్రకటించిరి. అది నేటికిని వారిద్దరి పేరనే పిలువబడుచున్నది.

ఆ కష్టమే ఆయనను మహనీయునిగా చేసినదని మనవారు తఱచుగా చెప్పుదురు. నేను ఆ మాట నంగీకరింపను. కష్టము ఆయనను మహనీయునిగా చేయలేదు. మహనీయుడైన ఆయననుండి కష్టము రాత్రులను దోచుకొన్నది. 1948లో, ఏబదిమూడేండ్లకే, న్యూయార్కు రాష్ట్రములోని పెర్లు రివరున ఆయన గుండె ఆగిపోయెను. ఫోలిక్ ఆమ్లము, ఆరియోమైసిన్ మొదలగు ఔషధముల వెనుక నిలిచిన ఆ మనుజునకు, బోస్టనులో గడచిన ఆ తొలి సంవత్సరములలో నెలకు కొన్ని డాలర్లు ఎవరైనను ఇచ్చియుండినచో, ఎన్ని రాత్రులు ఆయనవి ఆయనకు మిగిలియుండెడివి! ఎవరును ఈయలేదు. ఆ లెక్క ఏ ఖజానా పుస్తకములలోను కనబడదు.

ఇక మఱల బరోడా మాటకు వత్తము. మూడు సంవత్సరములంటిని. ఆ మూడు సంవత్సరములును 1916 జూనుతో తీఱినవి. అంబేడ్కరుగారు లండనుకు పోయి, అచ్చట అర్థశాస్త్రవిద్యాలయమున చేరి, బారిష్టరు చదువునకును పేరిచ్చిరి. కొంత గడువు దొరకినది. కాని 1917లో, వేతనకాలము ముగిసినది, తిరిగి రమ్మని బరోడానుండి పిలుపు వచ్చెను. నడచుచున్న పరిశోధనను నడుమనే విడిచి ఆయన ఓడ ఎక్కవలసివచ్చెను. పుస్తకములు వేఱొక ఓడలో వచ్చుచుండగా, యుద్ధకాలమగుటచే ఆ ఓడ సముద్రములో మునిగిపోయెను.

పిదప జరిగినది మీకు తెలిసియే యుండును. అయినను చెప్పవలెను. స్కాలర్షిప్పు ఒప్పందములో ఒక షరతు కలదు. చదువు ముగిసిన తరువాత పదియేండ్లు బరోడా కొలువులో పనిచేయవలెను. ఆయన ఆ షరతును మన్నించి బరోడాకు పోయిరి. కొలంబియాలో చదివిన ఆ పండితునకు ఆ నగరమున తలదాచుకొన ఒక గది దొరకలేదు. పారశీకుల సత్రమున చేరగా, కొన్ని దినములకే కఱ్ఱలు పట్టుకొని వచ్చి వెడలగొట్టిరి. కచేరిలో బంట్రోతులు కాగితములను చేతికీయక దూరమునుండి విసరిరి. ఉద్యానవనములో ఒక చెట్టుక్రింద కూర్చుండి ఆయన కన్నీరు కార్చిరి. పదియేండ్లు చేయవలసిన కొలువు కొలది దినములలో ముగిసెను.

ఆలోచింపుడు. ఒక ప్రభుత్వము ఒక యువకుని ప్రపంచపు మేటి విశ్వవిద్యాలయమునకు పంపినది. తిరిగి వచ్చినవానికి ఒక గది చూపలేకపోయినది. బాండు వ్రాయించుకొన్నది, బాండు నెఱవేఱుటకు వలసిన స్థితిని మాత్రము కల్పింపలేదు. కాగితము ప్రకారము చూచినచో బరోడావారి ధనము వృథా. కాని శ్రోతలారా, ఆ ధనము వృథా అని ఎవరనగలరు? బరోడా సంస్థానము నేడు లేదు. ఆ ధనముతో చదివిన మనుజుడు ముసాయిదా సంఘమునకు అధ్యక్షుడుగా నుండి సిద్ధపఱచిన రాజ్యాంగము ఉన్నది. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన వెంటనే, 1942లో, షెడ్యూల్డు కులముల విద్యార్థులను శాస్త్రసాంకేతిక విద్యలకై విదేశములకు పంపవలెనని ప్రభుత్వమునకు మహజరు పెట్టుకొన్నవారు ఆయనయే. తాను పుచ్చుకొన్నది ఖజానాకు చెల్లింపలేదు; ప్రజలకు చెల్లించిరి. సర్కారు స్కాలర్షిప్పు ఋణము తీఱు మార్గము తఱచుగా ఇట్టిదే. ఇచ్చినవానికి కాదు, వెనుక వచ్చువానికి.

హైదరాబాదు చరిత్రలోనుండి ఒక్క ఉదాహరణము చెప్పి ముందునకు పోవుదును. 1895లో నిజాము ప్రభువిచ్చిన విద్యార్థివేతనముతో పదునాఱేండ్ల బాలిక ఇంగ్లండుకు పోయెను. లండను కింగ్సు కళాశాలలో, పిదప కేంబ్రిడ్జి గిర్టను కళాశాలలో చదివి, 1898లో, ఏ పట్టమును లేకుండగనే తిరిగి వచ్చెను. వచ్చిన యేటనే ముత్యాల గోవిందరాజులు నాయుడుగారిని, కులము కట్టుబాటు దాటి వివాహమాడెను. ఆమెయే సరోజినీనాయుడుగారు. నేటి అధికారుల దృష్టిలో పట్టము లేని చదువు విఫలము. నిజాము ధనము విఫలమైనదని చెప్పుటకు నాకు నోరు రాదు.

ఇప్పుడు మనమున్న ఈ దేశపు ప్రభుత్వము చేసిన పనిని చూతము. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినప్పుడు, అమెరికా సైన్యము దేశదేశములలో విడిచిన లారీలు, యంత్రములు, ఆహారసామగ్రి గుట్టలుగా మిగిలినవి. వానిని కొనదలచిన దేశములయొద్ద డాలర్లు లేవు. అప్పుడు ఆర్కన్సా రాష్ట్రపు సెనేటరు విలియం ఫుల్‌బ్రైటుగారు ఒక ఉపాయము చెప్పిరి. డాలర్లు వలదు, మీ దేశపు నాణెములోనే చెల్లింపుడు, ఆ సొమ్ముతో మన పిల్లలు మీ దేశమునకును, మీ పిల్లలు మన దేశమునకును వచ్చి చదువుకొందురు. అధ్యక్షుడు ట్రూమను 1946 ఆగస్టు 1వ తేదీన ఆ చట్టముపై సంతకము చేసెను. యుద్ధపు చెత్తనుండి చదువు పుట్టెను. 1950 ఫిబ్రవరి 2వ తేదీన భారతదేశము ఆ ఏర్పాటులో చేరెను. చాలకాలము ఖర్చు అమెరికావారిదే. 2008లో క్రొత్త ఒప్పందము కుదిరి, ఫుల్‌బ్రైటుగారి పేరనున్న ఆ వేతనమునకు నెహ్రూగారి పేరును చేరెను; నాటినుండి ఖర్చును రెండు ప్రభుత్వములును సరిసమానముగా భరించుటకు ఒప్పుకొనినవి. దానము భాగస్వామ్యమైనది. అది నాకు మిక్కిలి సంతోషము కలిగించు మార్పు.

ఇంకొక ముచ్చట. 1951లో మన దేశమున తిండిగింజలకు కటకటలాడినప్పుడు, గోధుమలు కొనుటకై అమెరికా 19 కోట్ల డాలర్లు అప్పిచ్చినది. ఆ అప్పుపై వచ్చు వడ్డీలో 50 లక్షల డాలర్ల వరకు, రెండు దేశముల విద్వాంసుల రాకపోకలకును, పుస్తకములకును, ప్రయోగశాలల పరికరములకును వెచ్చింపవలెనని ఆ చట్టములోనే వ్రాసిరి. తరువాత పి.ఎల్. 480 అను అమెరికా చట్టము క్రింద వచ్చిన ధాన్యమునకు మన ప్రభుత్వము చెల్లించిన రూపాయలతో, 1962 మొదలుకొని, భారతీయభాషల పుస్తకములను కొని అమెరికా గ్రంథాలయములకు పంపిరి. ఈ దేశపు విశ్వవిద్యాలయములలో నేడు మీరు తెలుగు నవలను అరలోనుండి తీయగలిగినచో, అది బహుశః అట్లు వచ్చినదే. ఆకలినాటి గోధుమగింజ తెలుగు పుస్తకమై ఇచ్చటికి చేరినది.

మఱి మన ప్రభుత్వములు ఏమి చేయుచున్నవి? చేయుచున్నవి. చేయుటలేదనుట అన్యాయము. భారతప్రభుత్వపు జాతీయ విదేశీ విద్యార్థివేతనము 1954-55లో ఆరంభమైనది. ఇటీవలి నియమముల ప్రకారము ఏటేట 125 మందికి అవకాశము కలదు. వారిలో అధికసంఖ్యాకులు షెడ్యూల్డు కులములవారు. మిగిలినవారు సంచారజాతులవారు, భూమిలేని కూలీల బిడ్డలు, చేతివృత్తులవారి బిడ్డలు. తెలంగాణములో అంబేడ్కరుగారి పేర ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు, ఫూలేగారి పేర బీసీ విద్యార్థులకు ఓవర్సీస్ విద్యానిధులు కలవు. మైనారిటీలకు 2015 నుండి వేఱుగా ఒక పథకము కలదు. ఒక్కొక్కరికి 20 లక్షల రూపాయలు, దానికితోడు విమానపు ఛార్జీ. బరోడా కాగితముతో వచ్చిన ఆ యువకుని పేరనే నేడొక మారుమూల పల్లెపిల్ల డాలస్‌లో విమానము దిగుచున్నది.

కాని ఆ ధనము చేతికందు విధమును కొంచెము నిదానముగా వినుడు. మొదటి విడత పది లక్షలు ఎప్పుడు ఇత్తురు? విద్యార్థి ఈ దేశమున అడుగుపెట్టి, ఐ-94 అను ప్రవేశపత్రమును చూపిన తరువాత. రెండవ విడత ఎప్పుడు? మొదటి సెమిస్టరు మార్కులు చూపిన తరువాత. చూచుటకు ఈ నియమము సక్రమముగానే యున్నది. ప్రజాధనమునకు లెక్క చెప్పవలయును గదా. అయితే విమానమెక్కుటకు ముందే, మొదటి సంవత్సరపు వ్యయమునకు సరిపడు సొమ్మున్నదని చూపనిదే విశ్వవిద్యాలయము ఐ-20 అను పత్రము నీయదు. ఐ-20 లేనిదే వీసా లేదు. కావున బీదవాడు, తాను బీదవాడు కాడని చూపుటకు ముందుగా అప్పు చేయవలెను. టిక్కెట్టునకు అప్పు, గది అడ్వాన్సునకు అప్పు, తొలి ఫీజునకు అప్పు. పిదప వేచియుండవలెను. విడతలు నెలల తరబడి ఆగిపోయినవని పిల్లలును, తల్లిదండ్రులును మొఱపెట్టుకొనిన వార్తలు హైదరాబాదు పత్రికలలో పలుమాఱులు వచ్చినవి. పైరు ఎండిన తరువాత కాలువ చివరి పొలమునకు నీరు వచ్చిన నేమి, రాకున్న నేమి?

నేను మొదట చెప్పిన మాటను మఱల చెప్పుచున్నాను. స్కాలర్షిప్పు కొనిపెట్టునది కాలము. ఆలస్యముగా వచ్చిన స్కాలర్షిప్పు కాలమును కొనలేదు. పాత అప్పును మాత్రము తీర్చగలదు. సుబ్బారావుగారు రాత్రివేళ ఆసుపత్రిలో పని చేసిరి. నేటి ఎఫ్-1 వీసా విద్యార్థికి ఆ దారియు లేదు. చదువు సాగుచున్న దినములలో క్యాంపసులో వారమునకు 20 గంటలకు మించి పనిచేయరాదు. మొదటి సంవత్సరము క్యాంపసు వెలుపల పనియే చేయరాదు. చేసినచో వీసాకే మోసము. ఆ భయముతో చదువుచున్న పిల్లలు మన చుట్టును ఉన్నారు. వారు మనతో చెప్పరు. సిగ్గుపడుదురు.

కొందఱికి పూర్తిగా నిచ్చుట మేలా, పెక్కుమందికి కొంత నిచ్చుట మేలా యను ప్రశ్న కూడ కలదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, ప్రపంచ ర్యాంకులలో ముందున్న విశ్వవిద్యాలయములలో చోటు దొరకినవారికే, కాని ఫీజు భారమును చాలవఱకు తానే వహించునట్లు పథకము మార్చెను. తెలంగాణమువారు ఎక్కువమందికి 20 లక్షల చొప్పున నిచ్చుచున్నారు. ఈ దేశమున అనేక విశ్వవిద్యాలయములలో రెండేండ్ల మాస్టర్స్ చదువునకు ఆ సొమ్ము చాలదు. మిగిలినది ఇంటిపై తాకట్టు అగును. నా మనసు పూర్తి వేతనమువైపే మొగ్గును. సగము స్కాలర్షిప్పు, సగము అప్పు అయినప్పుడు, ఆ సగము అప్పే విద్యార్థిని నడపును. ఏది తనకిష్టమో అది కాక, ఏది త్వరగా అప్పు తీర్చునో అదియే చదువును. కాని ర్యాంకు ఒక్కటే కొలబద్ద కారాదు. పల్లెనుండి వచ్చిన తొలితరపు విద్యార్థికి ఆ ర్యాంకులవఱకు చేయిపట్టి నడిపించువారు లేరు.

అన్నింటికంటె నన్ను కలచివేసిన సంగతి వేఱొకటి. జాతీయ విదేశీ విద్యార్థివేతనపు నియమములలో 2022లో ఒక క్రొత్త నిబంధన చేర్చిరి. భారతీయ సంస్కృతి, చరిత్ర, భారతసమాజమును గుఱించిన పరిశోధనలకు ఈ వేతనము వర్తింపదని. మన దేశమును గుఱించి చదువుటకు విదేశమేల యని వారి తర్కము. శ్రోతలారా, 1916 మే 9వ తేదీని ఒక్కసారి తలచుకొనుడు. భారతదేశపు కులములను గుఱించి న్యూయార్కులో వ్యాసము చదివిన ఆ యువకుడు, ఈ నిబంధన క్రింద దరఖాస్తు పెట్టుకొనియుండినచో, అర్హుడు కాడు. ఏ వర్గమునకై ఈ వేతనము పుట్టినదో, ఆ వర్గమున పుట్టిన మహాపురుషుడే అర్హుడు కాడు. బరోడా ప్రభువు ఆయనను నీవేమి చదివెదవని అడిగెను గాని, నీ దేశపు గాయమును గుఱించి చదువవలదని షరతు పెట్టలేదు. పరదేశమున చదువుకొనువానికి దూరము ఒక వరము. ఇంటిలో ఊపిరాడని ప్రశ్నకు అచ్చట గాలి తగులును. ఆ నిబంధనను తొలగింపవలెను. ఇది నా మనవి కాదు, నా దృఢమైన అభిప్రాయము.

ప్రభుత్వములు చేయవలసినవి ప్రభుత్వములు చేయవలెను; మనము అడుగుచునే యుండవలెను. ఈలోగా, ఆగస్టు మాసమున మీ ఊరి విశ్వవిద్యాలయమునకు క్రొత్తగా వచ్చిన తెలుగు పిల్లలలో, ఓవర్సీస్ విద్యానిధితో వచ్చినవారెవరో మెల్లగా, వారి మనసు నొవ్వకుండ, తెలిసికొనుడు. వారికి దానము అక్కఱలేదు. విడత అందువఱకు వడ్డీలేని చేబదులు చాలును. అనేక విశ్వవిద్యాలయములలో విదేశీ విద్యార్థుల కార్యాలయము కలదు. ఫీజు గడువు పొడిగింపుమని అచ్చట అడుగవచ్చునని, అత్యవసరపు అప్పు దొరకునేమో విచారింపవచ్చునని క్రొత్తగా వచ్చినవారికి తెలియకపోవచ్చును. వారి వెంట ఒకసారి పోయి అడుగుడు. మంజూరుపత్రము, ఐ-94, మార్కుల పత్రము మూడును ఆలస్యము లేకుండ హైదరాబాదుకు పంపుటలో తోడుపడుడు. మొదటి సెమిస్టరు మార్కులు డిసెంబరు కడపట వచ్చును. వసంతకాలపు సెమిస్టరు ఫీజు గడువు పెక్కుచోట్ల జనవరిలోనే తీఱును. ఆ రెండు తేదీల నడుమ, రెండవ విడత రాకముందు, వారికి మన అవసరము.